ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్ విప్పితే: ఏది కంపెనీది కొనాలి, ఏది బయటిది చాలు

శ్రీకాకుళంలోనైనా, విజయనగరంలోనైనా యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు ఇంజిన్ విప్పాక మెకానిక్ అడిగే మాట ఒకటే: "కంపెనీది వెయ్యమంటారా, లోకల్ది చాలా?" మొత్తం ఇంజిన్‌కి కలిపి ఒకే జవాబు చెప్పేస్తే డబ్బయినా దండగవుతుంది, ఇంజిన్ అయినా పోతుంది. ఈ బండి 1985లో వచ్చి 1996లో ఆగింది. ఇప్పుడు కంపెనీ పేరుతో దొరికే పెట్టెల్లో అప్పటి పాత స్టాకు ఉంటుంది, తర్వాత తయారైనవీ ఉంటాయి, పెట్టె మాత్రమే అసలుదై లోపల సరుకు వేరైనవీ ఉంటాయి. అందుకని ఒక్కో సామాను దగ్గర ఆగి ఆలోచించాలి: ఇది పోతే తనతో పాటు ఇంకేం పట్టుకుపోతుంది? క్లచ్ కేబుల్ తెగితే బండి తోసుకుంటూ ఇంటికి రావచ్చు. పిస్టన్ పిన్ను చివర ఉండే చిన్న సర్‌క్లిప్ (పిన్ను జారకుండా పట్టే తీగ చుట్ట) ఊడితే మాత్రం పిస్టన్, బోరు (పిస్టన్ ఆడే గొట్టం) రెండూ గీసుకుపోతాయి. ధర చూస్తే ఆ క్లిప్పే అన్నిటికన్నా చవక. దాన్ని ఎప్పుడూ కొత్తదే, కంపెనీదే వెయ్యాలి. తీసిన క్లిప్పు మళ్లీ పెట్టొద్దు. పెట్టేటప్పుడు దాని నోరు పైకో కిందికో ఉండాలి, పక్కకి కాదు. పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకునే ఊపుకి పక్కకి నోరున్న క్లిప్పు ముడుచుకుని గాడిలోంచి జారుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త, పిస్టన్ ఊపుని తిరుగుడుగా మార్చే క్రాంక్ దగ్గర. కనెక్టింగ్ రాడ్ కిట్ అంటే పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్, అది తిరిగే క్రాంక్ పిన్ను, రెండిటి మధ్య సన్న కడ్డీల బేరింగ్ (నీడిల్ కేజి), వాషర్లు. లోకల్ కిట్‌లో రాడ్ కన్నా పిన్నుతోనే ప్రమాదం. కొన్న వెంటనే మైక్రోమీటర్‌తో పాత పిన్ను, కొత్త పిన్ను రెండూ కొలవండి. పాతదాన్ని బేరింగ్ తిరిగి అరిగిన నడిమి భాగంలో కాదు, రెండు వైపులా క్రాంక్ పళ్లేల్లో బిగిసి ఉండే చివర్ల దగ్గర కొలవాలి. కొత్తది అక్కడ 0.02 మి.మీ. సన్నంగా ఉన్నా, ప్రెస్సు మీద తేలిగ్గా దిగిపోతుంది. "భలే కూర్చుంది" అనిపిస్తుంది కూడా. ఈ ఇంజిన్ 7500 ఆర్‌పీఎం దగ్గర పూర్తి పవర్ ఇస్తుంది. ఆ వేగంలో బిగువు చాలని పిన్ను మీద రెండు పళ్లేలూ ఒకదానికొకటి మెలితిరుగుతాయి. ముందు హ్యాండిల్ వణుకుతుంది, తర్వాత మ్యాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు బేరింగ్ అరుస్తుంది. పిన్ను లావుగా ఉంటే ఇంకో తంటా: పళ్లెం బొక్క గీసుకుపోతుంది, ఆ పళ్లెం ఇక ఎన్నడూ బిగువు పట్టదు. కంపెనీ కిట్ దొరక్కపోతే, కొలత సరిపోయిన మంచి పేరున్న బయటి కిట్ వేసుకోవచ్చు. కొలత సరిపోని కంపెనీ పెట్టె మాత్రం వెనక్కి ఇచ్చేయండి.

గట్టిదనం చూడటానికి సన్న ఆకురాయి పిన్ను అంచు మీద ఒకసారి ఆనించి లాగండి. గాజు మీద జారినట్టు జారాలి. కొరికి పొడి రాల్చిందంటే ఆ పిన్ను వద్దు. ప్రెస్సు చేశాక క్రాంక్‌ని రెండు సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజితో ఊగు చూడమనండి. 0.03 మి.మీ. దాటకూడదు. డయల్ గేజి లేకుండా కంటి చూపుతో సరిచేసే చోట క్రాంక్ ఇవ్వకండి, దూరమైనా వేరే లేత్ షాపుకి పట్టుకెళ్లండి.

మెయిన్ బేరింగులకి యమహా పెట్టె అక్కర్లేదు. బేరింగ్ అంచు మీదే నంబరు చెక్కి ఉంటుంది. అదే నంబరుది, చివర సీ3 అని ఉన్నది, ఎస్‌కేఎఫ్, ఎన్‌టీఎన్ లాంటి కంపెనీది అధీకృత డీలర్ దగ్గర కొనండి. సీ3 అంటే లోపల కాస్త ఎక్కువ సందు. క్రాంక్‌కేసు వేడెక్కినప్పుడు ఆ సందు కావాలి. సీ3 లేనిది వేస్తే చల్లగా ఉన్నప్పుడు బాగానే తిరిగి, ఎండలో బిగుసుకుంటుంది. నకిలీ బేరింగులు బజారులో చాలా ఉన్నాయి. ఎస్‌కేఎఫ్ వాళ్లకయితే ఫొటో తీసి అసలుదో కాదో అడిగే ఫోన్ యాప్ ఉంది, వాడుకోండి.

ఇక చాలామంది తలకిందులుగా చేసేది ఆయిల్ సీళ్ల (క్రాంక్ చివర్ల దగ్గర గాలీ ఆయిలూ దాటకుండా ఆపే రబ్బరు రింగుల) విషయం. "1990 నాటి జపాన్ స్టాకు" అని ఎవరైనా సీలు చూపిస్తే చేతులు జోడించి వద్దనండి. ఇనుము ముప్పై ఏళ్లు పెట్టెలో ఉంటే తుప్పు చూసుకుంటే చాలు, రబ్బరు అలా కాదు. వాడకపోయినా గట్టిపడుతుంది. సీలు పెదవిని బొటనవేలి గోరుతో వెనక్కి వంచి చూడండి, వెంటనే మెత్తగా తిరిగి రావాలి. వంచిన చోట తెల్లటి గీత కనిపిస్తే చచ్చిన రబ్బరు. ఇక్కడ మొన్నమొన్న తయారైన మంచి బయటి సీలే పాత ఒరిజినల్ కన్నా మేలు. కార్బ్యురేటర్ ఫ్లోట్ నీడిల్ మొన, పెట్రోల్ కాక్ రబ్బర్లకీ ఇదే లెక్క. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, అప్పటి రబ్బర్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పైగా ఇథనాల్ తేమ పీలుస్తుంది. కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం నెల్లాళ్లు బండి తీయకపోతే కార్బ్యురేటర్ అడుగున నీళ్లు చేరతాయి.

సీలు పోతే ఏమవుతుందో వైపుని బట్టి తెలుస్తుంది. క్లచ్ వైపు పోతే గేరు ఆయిల్ లోపలికి లాక్కుని తెల్లపొగ వదులుతుంది, గేరు ఆయిల్ మట్టం తగ్గుతుంది. మ్యాగ్నెట్ వైపు పోతే పొగ రాదు, అందుకే అది ఎక్కువ ప్రమాదం. బయటి గాలి లోపలికి చేరి, గాలిలో పెట్రోల్ పాలు తగ్గిపోతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఆర్‌పీఎం వెంటనే దిగదు, ఇంజిన్ మాడినట్టు వేడెక్కి ఒకరోజు పిస్టన్ పట్టేస్తుంది.

పిస్టన్, బోరు సంగతికి వస్తే వరస తప్పొద్దు. ముందు పిస్టన్ కొనాలి, తర్వాతే బోరు కొట్టించాలి. స్టాండర్డ్ బోరు 50 మి.మీ., ఆపైన 0.25, 0.50, 0.75, 1.00 సైజులు. 0.50 పిస్టన్ అని రాసి ఉన్నవి రెండు కంపెనీలవి పక్కపక్కన కొలిస్తే ఒకటి 50.46, ఇంకోటి 50.43 రావచ్చు. రెండూ పనికొస్తాయి, బోరు దాని కొలతకి కొట్టాలంతే. "50.50కి కొట్టేశాను, ఏ పిస్టనైనా పడుతుంది" అనే లేత్ మాట నమ్మకండి. పిస్టన్‌ని పిన్నుకి అడ్డంగా, లంగా (పిస్టన్ కింది గొట్టం భాగం) కింది అంచుకి 10 మి.మీ. పైన కొలవాలి. ఎంత సందు ఉంచాలో మంచి పిస్టన్లకి పెట్టె మీద రాసి ఉంటుంది. గాలికి చల్లబడే ఈ సైజు ఇంజిన్‌కి 0.04 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. చవక పిస్టన్ లోహం వేడికి ఎక్కువ ఉబ్బుతుంది. సందు పెంచితే చల్లగా ఉన్నప్పుడు లొటలొట కొడుతుంది, పెంచకపోతే పట్టేస్తుంది. అందుకే ఈ ఒక్క దాంట్లో బేరం వద్దు.

రింగుని పిస్టన్ తలతో తిన్నగా బోరులోకి నెట్టి ఫీలర్ గేజితో సందు చూడండి. 0.15 నుంచి 0.35 మి.మీ. మధ్య ఉండాలి. బోరు కొట్టాక పోర్టుల (బోరు గోడలో గాలి, పొగ పోయే కిటికీల) అంచులు కత్తిలా ఉంటాయి. ఆ అంచుల్ని సన్నగా వాలు దిద్దమని లేత్ వాళ్లకి చెప్పి మరీ చేయించుకోవాలి, అడక్కపోతే చాలాచోట్ల చెయ్యరు. వేలు పెట్టి తడిమితే గీరుకోకూడదు. గీరుకుంటే రింగు అక్కడే తగులుకుని విరుగుతుంది, నింద మాత్రం రింగు కంపెనీ మీద పడుతుంది. బోరు 51 దాటిపోయినా కొత్త లోకల్ బ్లాక్ (బోరు ఉండే దిమ్మ) కొనకండి. వాటిలో పోర్టు ఎత్తులు తేడాగా వస్తాయి. పాత బ్లాక్‌కే స్లీవ్ (లోపల కొత్త గొట్టం) వేయించి పోర్టులు కలిపించుకోవడం మేలు. గేర్లూ అంతే: కొత్త లోకల్ గేరు కన్నా పాత బండిలోంచి తీసిన అసలు గేరు ఎక్కువ కాలం మన్నుతుంది.

క్లచ్ ప్లేట్లు, కిక్ స్ప్రింగు, కేబుళ్లు, సైలెన్సర్ ప్యాకింగు, ఫుట్‌రెస్ట్ రబ్బర్లు బయటివి వేసుకోండి, ఏం కాదు. బ్లాక్ కింద పెట్టే బేస్ ప్యాకింగు మాత్రం పాతదాని మందమే ఉండాలి. మందంది వేస్తే బ్లాక్ పైకి లేచి పోర్టులు ముందే తెరుచుకుంటాయి, కంప్రెషన్ తగ్గి తక్కువ వేగంలో బండి పుల్లింగ్ పోతుంది.

అంతా బిగించాక స్టార్ట్ చేసే ముందు గాలి పరీక్ష చెయ్యండి. కార్బ్యురేటర్, సైలెన్సర్ బిగించే నోళ్లు రబ్బరు ముక్కతో మూసి, ప్లగ్గు బొక్కకి పాత ప్లగ్గు తొలిచి చేసిన గొట్టం బిగించి, బీపీ చూసే మిషన్ గేజి, బల్బు దానికి తగిలించండి. 250 దగ్గరికి గాలి కొట్టి ఐదు నిమిషాలు చూడండి. ముల్లు దిగకూడదు. దిగితే సబ్బునీళ్లు పూసి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూడండి. ఎక్కువగా మ్యాగ్నెట్ వెనక సీలు దగ్గరో, బేస్ ప్యాకింగు దగ్గరో కనిపిస్తాయి.

మొదటి 500 కి.మీ. లీటరు పెట్రోల్‌కి 30 నుంచి 40 మి.లీ. 2టీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలపండి. ఒకే వేగంతో హైవే మీద లాగించొద్దు, యాక్సిలరేటర్ పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. సాలూరు దాటిన ఘాట్ రోడ్డు ఇద్దరితో ఎక్కించడం ఆ 500 అయ్యాకే. అప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు ఎదురెదురుగా మరోసారి బిగించి, ప్లగ్గు తీసి చూడండి. బూడిద తెలుపు కనిపిస్తే ఎక్కడో గాలి పీలుస్తోంది, బీపీ గేజి మళ్లీ బయటికి తియ్యాలి. తీసేసిన పాత పిన్ను, పాత బేస్ ప్యాకింగు పారేయకుండా, పిన్నుకి ఆయిల్ రాసి, రెండూ కొలతలు రాసిన చీటీతో పాటు ఒక కవర్లో పెట్టి సీటు కింద కాకుండా ఇంట్లో పొడి చోట దాచండి.