ఫ్రైడే మార్కెట్లో పాత కోట్లు

కువైట్‌లో మా గోదావరి వాళ్ళలో చాలామందికి శుక్రవారమంటే ఊరికి ఫోను, కోడికూర, నిద్ర. నాకు మాత్రం అల్ రాయ్‌లో ఫ్రైడే మార్కెట్. వారమంతా టైలరింగ్ షాపులో దిష్దాషాలే, అంటే అరబ్బు మగవాళ్ళు వేసుకునే పొడుగు చొక్కాలే కుడతాను. దాదాపు అన్నీ తెలుపే, కోత కూడా ఒకటే, కాలరు దగ్గర తప్ప పెద్ద తేడా ఉండదు. అందుకే పాత బట్టల గుట్ట కనిపిస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్ళాలి, ఎండెక్కితే నిలబడలేం. గుట్టలో చెయ్యి పెట్టినప్పుడు నేను రంగు చూడను. ముందు గుడ్డ పట్టుకు చూస్తాను. మంచి ఉన్ని, గట్టి నూలు వేలికి తగలగానే తెలిసిపోతాయి. తర్వాత లోపలివైపు తిప్పుతాను. కుట్టినవాడు ఎలాంటి దర్జీయో అక్కడే బయటపడుతుంది. చేత్తో వేసిన కాజా అయితే వెనకవైపు కుట్టు కాస్త వంకరటింకరగా ఉంటుంది. అలాంటి కాజాలున్న కోటు దొరికిన రోజు రూముకొచ్చి అన్నం కూడా ఆలస్యంగా తింటాను.

వయసు చెప్పే గుర్తులు కొన్నున్నాయి. పట్టీ మీద ‘మేడ్ ఇన్ వెస్ట్ జర్మనీ’ అని ఉంటే అది 1990లో ఆ రెండు దేశాలూ కలవకముందు కుట్టినది. లెవీస్ ప్యాంటు వెనక జేబుకుండే ఎర్ర పట్టీ మీద పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో ఉంటే అది 1971కి ముందుది. తర్వాత అందులో ఇంగ్లీషు ‘E’ అక్షరం చిన్నదైపోయింది. అలాంటిది నాకింకా దొరకలేదు. దొరికితే ఎవరికీ చెప్పను కూడా. టీషర్టు అంచుకి ఒంటి వరస కుట్టుంటే చాలావరకు 1990ల మధ్యకి ముందుదే. కానీ ఈ గుర్తులన్నీ నకిలీలు చేసేవాళ్ళకీ తెలుసు. జిప్పు, గుండీలు, మోచేతుల దగ్గర అరుగుదల, అన్నీ ఒకే వయసు చెప్తేనే నమ్మాలి. చంకల్లో వాసన, పురుగు కొట్టిన కన్నాలు సరేసరి. ఇంత చూశాక బేరం. దీనారు అంటాడు, అర దీనారు అంటాను, ‘ఆఖిర్ కలామ్’ (ఇదే ఆఖరి మాట) అంటూ ఇద్దరం ఇంకో పది మాటలు మాట్లాడతాం.

అసలు తంటా సెలవులో నర్సాపురం దగ్గర మా ఊరు వచ్చినప్పుడు. సెంటు, టైగర్ బామ్, పాలపొడి తెస్తాడనుకుంటే పెట్టెలోంచి ఉన్ని కోట్లు. “ముప్పై కిలోల లగేజీలో ఈ పాత గుడ్డలేంటండీ?” అని మా ఆవిడ. “చచ్చినోళ్ళవేమోరా, ఇంట్లో పెట్టకు” అని మా అమ్మ. పైగా డెల్టాలో కోటు వేసుకునే చలి ఎక్కడిది? వానాకాలం వస్తే బూజు. ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి, ఎండ కాసినప్పుడల్లా దండెం మీద ఆరేయించాలి. ఆ పని చేసేదీ మా ఆవిడే కాబట్టి ఆవిడ గొడవలో న్యాయముంది.

మా అమ్మ ముట్టుకున్నది ఒక్కటే. లేసు కాలరున్న తెల్ల నూలు జాకెట్టు, ఎవరో దొరసానిది అయ్యుంటుంది. మా వైపు ఆడవాళ్ళు పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్న పనే ఈ లేసు అల్లిక. నర్సాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే ప్రభుత్వ గుర్తింపు కూడా వచ్చింది. అమ్మ కళ్ళు మసకబారేదాకా ఏజెంటుకి అల్లిపెట్టింది. జాకెట్టు లోపల పట్టీ ఊడిపోయింది, ఎక్కడ తయారైందో తెలీదు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని కాలరు వేళ్ళతో తడిమింది.

“ఈ పువ్వు మేమూ అల్లేవాళ్ళం. ఇదెవరో తొందరపడింది, ఇదిగో, ఇక్కడ గొలుసు జారింది. ఎంతకి కొన్నావురా?”

“అర దీనారమ్మా. నూట ముప్పై, నూట నలభై ఉంటుంది.”

“పాతదానికి అంతా! కొత్త కాలరు అల్లితే మాకు అందులో పావు వంతు కూడా ఇవ్వలేదు కదరా ఆ ఏజెంటు” అని చాలాసేపు తిట్టింది. తర్వాత ఆ జారినచోట సరిచెయ్యడానికి సన్న దారం తెమ్మంది. కోట్లు మాత్రం మంచం కిందే ఉండాలట.