మిల్స్ బ్రదర్స్ బాణీలో నాలుగు గొంతులు: ఇప్పటిదాకా అయిన పని

నాలుగు గొంతులూ నేనే విడివిడిగా రికార్డు చేసి కలుపుతున్నాను. బేస్ (అడుగు గొంతు), లీడ్ (పాట నడిపే గొంతు) ట్రాకులు అయ్యాయి. మధ్య గొంతులు రెండు, నోటితోనే పలికించే ట్రంపెట్ మిగిలాయి. ఎత్తుకున్నది అమెరికా గాయక సోదరులు మిల్స్ బ్రదర్స్ 1931లో రికార్డు చేసిన ‘టైగర్ ర్యాగ్’. అసలు వేగంలో నాలుక తిరగడం లేదు. అందుకే ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘చేంజ్ టెంపో’తో, శ్రుతి మారకుండా 60 శాతానికి దించి సాధన చేస్తున్నాను.

ఒహాయోలోని పిక్వా ఊళ్లో క్షవరశాల నడిపిన జాన్ సీనియర్ కొడుకులు వీళ్లు: జాన్ జూనియర్, హెర్బర్ట్, హ్యారీ, డోనాల్డ్. ఓ పోటీలో కజూ (నోట్లో పెట్టుకుని రాగం తీస్తే బుర్రుమనే చిన్న వాద్యం) కనబడకపోతే హ్యారీ అరచేతులు నోటికి అడ్డం పెట్టి ట్రంపెట్ ఊదినట్టు లాగించేశాడని చెబుతారు. ఆ తర్వాత అందరూ తలో వాద్యం పంచుకున్నారు. జాన్ జూనియర్‌కి గిటార్‌తో పాటు, మంద్రంలో మోగే పెద్ద బాకా ట్యూబా, అదీ నోటితోనే. ‘ఒక్క గిటార్ తప్ప వాద్యాలేవీ వాడలేదు’ అని రికార్డు మీద అచ్చేశారంటే వినేవాళ్లకి ఎంత అనుమానమో!

ట్యూబా గుట్టు సగం మైకులోనే ఉంది. కార్డియాయిడ్ మైకుకి (ఎక్కువగా ముందు వైపు శబ్దాన్నే పట్టే రకం) దగ్గరయ్యేకొద్దీ మంద్రం బరువెక్కుతుంది. రెండంగుళాల దూరంలో, మూతి కాస్త పక్కకి తిప్పి ‘బూం’ అంటే గాలి దెబ్బ తగలదు. ఫ్యాన్ ఆపాలి, హెడ్‌ఫోన్ తప్పనిసరి.

అసలు చిక్కు గమకం. కర్ణాటక సంగీతానికి అలవాటైన గొంతు గాంధారాన్ని ఊపకుండా ఉండలేదు. నలుగురి స్వరం కలిసే చోట ఒక్కటి కదిలినా కట్టు విడిపోతుంది. కీబోర్డు గాంధారం కూడా పనికిరాలేదు. తంబూరా మీద వినిపించే అంతర గాంధారం దానికంటే దాదాపు 14 సెంట్లు తక్కువ (కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). అక్కడ నిలబెట్టి పట్టుకుంటే తీగ మోగినట్టు కలుస్తుంది. ఇప్పుడు షడ్జ పంచమాలు శ్రుతిపెట్టెలో పెట్టుకుని గాంధారం ఒక్కటే చదునుగా, ఊపిరి అయ్యేదాకా పాడుతున్నాను.

1936లో జాన్ జూనియర్ చనిపోయాక బేస్ పాడటానికి తండ్రే వచ్చి నిలబడ్డాడు. 1943 చివర్లో మొదలై, వాళ్ల పాట ‘పేపర్ డాల్’ 12 వారాలు అమెరికాలో మొదటి స్థానంలో ఉంది. దాని బలం నోటి వాద్యాల్లో లేదు, గొంతుల కలయికలోనే ఉంది. ట్రంపెట్ గారడీకే అందరూ ముచ్చటపడతారు గానీ నా ఓటు ఆ కలయికకే. అందుకని ట్రంపెట్ ట్రాకు చివరికి నెట్టేశాను. ముందు హెర్బర్ట్ వరస. లయ టిక్కుటిక్కుమని కొట్టే మెట్రోనోమ్ ఒక్క చెవికే.