సంతకం పెట్టిన రాత్రి

నా కింది దవడ పై దవడ కంటే ముందుకు ఉండేది. నోరు మూసినా ముందు పళ్ళు కలిసేవి కావు, చిటికెన వేలి కొన పట్టేంత సందు మిగిలిపోయేది. మా వైపు అందరూ "అచ్చం తాతయ్య పోలిక" అనేవారు. తాతయ్యంటే నాకు ప్రాణం కాబట్టి చిన్నప్పుడు ఆ మాట గొప్పగానే అనిపించేది. మిరపకాయ బజ్జీ ముందు పళ్ళతో కొరికితే తెగదు. పక్కకు తిప్పి, లోపలి పళ్ళ కింద పెట్టి లాగాలి. జామకాయ అయితే అమ్మ ముక్కలు కోసి ఇవ్వాల్సిందే. ఇదంతా నా అలవాటనుకున్నాను తప్ప, దీనికి వైద్యం ఉంటుందని అనుకోలేదు.

పద్నాలుగేళ్ళప్పుడు నరసరావుపేటలో ఒక పళ్ళ డాక్టరు గారు చూసి, "ఎదుగుదల ఆగాక చూద్దామమ్మా, ఇప్పుడేం చేసినా మళ్ళీ మొదటికొస్తుంది" అన్నారు. ఆయన సరిగ్గానే చెప్పారు. కింది దవడ ఆడపిల్లల్లో పదిహేడు, పద్దెనిమిదేళ్ళ దాకా, మగపిల్లల్లో ఇంకా కొన్నేళ్ళు పెరుగుతూనే ఉంటుంది. ఎదుగుదల ఆగింది గానీ ఆ తర్వాత మేమే చూడలేదు. చదువులు, పరీక్షలు, ఉద్యోగం వెతుక్కోవడం, వీటిలో పడి మర్చిపోయాం.

మళ్ళీ గుర్తు చేసింది ఉద్యోగమే. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. త్రికోణమితి మొదలైతే గంటలో ఎన్నిసార్లు 'సైన్ స్క్వేర్ తీటా' అనాలో లెక్కలేదు. నాకు 'స' పలకాలంటే నాలుక ఆ సందులోంచి ముందుకు వచ్చేసేది. ఒకరోజు వెనక బెంచీ నుంచి ఎవరో "థైన్ థ్క్వేర్" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను బోర్డు వైపు తిరిగి, గంట కొట్టేదాకా రాస్తూనే ఉండిపోయాను. ఆ వారమే హైదరాబాద్ వెళ్ళి చూపించుకున్నాను. అప్పటికి నాకు ఇరవై ఐదు.

పళ్ళకు క్లిప్పులు వేసే మేడమ్ నా తలకు పక్క నుంచి ఎక్స్‌రే తీయించి, దాని మీద పెన్సిల్‌తో గీతలు గీసి చూపించారు. "మీ పళ్ళ తప్పేం లేదు, ఎముకే అలా పెరిగింది. క్లిప్పులతో పళ్ళు జరుగుతాయి గానీ ఎముక జరగదు" అన్నారు. ఆపరేషన్ చేసి పై దవడను కొంచెం ముందుకి, కింది దవడను కొంచెం వెనక్కి జరపాలి. దానికి ముందు ఏడాదిన్నర క్లిప్పులు. ఇంకో మాట కూడా చెప్పారు. ఎముక తేడాను కప్పిపుచ్చడానికి ఇన్నేళ్ళూ పళ్ళు తమంతట తామే ఒరిగిపోయాయట. కిందివి లోపలికి, పైవి బయటికి. ఆపరేషన్‌కు ముందు వాటిని నిటారుగా నిలబెట్టాలి. అప్పుడు అసలు తేడా బయటపడి, ముఖం ఇప్పటికంటే పాడైనట్టు కనిపిస్తుంది. "మధ్యలో భయపడిపోకండి" అని రెండుసార్లు చెప్పారు. ఆ మేడమ్‌కి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఆవిడ చెప్పినట్టే జరిగింది. పది నెలలు తిరిగేసరికి కింది పళ్ళు పై పళ్ళను దాటి ఇంకా ముందుకొచ్చాయి. ఆఖరికి లోపల చెరో పక్కా ఒక్కొక్క పన్ను మాత్రమే తగిలేది. ఆ ముఖంతోనే మా మేనమామ కూతురి పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర పిన్ని అందరూ వినేలా, "లక్షలు పోసి ఉన్న ముఖం కూడా చెడగొట్టుకున్నావేంటే" అంది. పిన్ని నోరు అంతే. నాకు కోపం వచ్చింది అమ్మ మీద. పక్కనే కూర్చుని, నాకు అన్నీ వివరంగా తెలిసి కూడా, విస్తరి వైపు చూస్తూ ఊరుకుంది. ఆ కోపం చాలా రోజులు పోలేదు.

మిగతా ఏర్పాట్లు ఒకదాని వెనక ఒకటి అయిపోయాయి. జ్ఞానదంతాలు ఆర్నెల్ల ముందే తీసేశారు, కింది ఎముకను చీల్చే చోట అవి అడ్డం రాకూడదని. రక్తం తొమ్మిదిన్నరే ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు, పన్నెండు దాటాకే తేదీ ఇచ్చారు. పళ్ళ అచ్చులు తీసి, దవడలు ఎక్కడ కూర్చోవాలో చూపే పారదర్శకమైన పలక ఒకటి చేశారు. ఇంటర్ పరీక్షలు మార్చిలో అయిపోతాయి కాబట్టి ఏప్రిల్ రెండో వారం అనుకున్నాం. అమ్మ కొత్త మిక్సీ కొంది. నేను మూడు దిండ్ల మీద తల ఎత్తు పెట్టుకుని పడుకోవడం నెల ముందు నుంచే అలవాటు చేసుకున్నాను. మీకెవరికైనా ఈ ఆపరేషన్ ఉంటే ఇది తప్పకుండా చేయండి. తర్వాత రెండు వారాలు అలాగే పడుకోవాలి, అలవాటు లేకపోతే నిద్రే పట్టదు.

అసలు రాయాలనుకున్నది ఆపరేషన్ ముందు రాత్రి గురించి.

తొమ్మిదిన్నరకు ఒక జూనియర్ డాక్టర్ కాగితాలు పట్టుకుని వచ్చాడు. నిలబడే గడగడా చదివాడు. నరం దెబ్బతినవచ్చు, కింది పెదవికి, గడ్డానికి స్పర్శ పోవచ్చు, రక్తం ఎక్కించాల్సి రావచ్చు, ఎముక అతుక్కోకపోతే మళ్ళీ చేయాల్సి రావచ్చు, మత్తు వల్ల ప్రాణాపాయం. ఇక్కడ సంతకం, ఇక్కడ కూడా. నా చెయ్యి ఆగింది. "స్పర్శ పోతే మళ్ళీ రాదా అండీ?" అని అడిగాను. అతను టైమ్ చూసుకుని, "చెప్పలేం మేడమ్. అయినా ఇదేం ప్రాణం మీదికొచ్చిన సర్జరీ కాదు కదా, మీరు కావాలని చేయించుకునేదే. ఇష్టం లేకపోతే పొద్దున కూడా మానేయొచ్చు" అన్నాడు. సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు.

మానేయొచ్చట. పద్దెనిమిది నెలలుగా నా పళ్ళన్నిటినీ ఈ ఆపరేషన్ కోసమే జరిపారు. అప్పటికి నేను నమలగలిగింది మెత్తటి అన్నం ఒక్కటే. వెనక్కి వెళ్ళాలంటే మళ్ళీ ఏడాది క్లిప్పులు. ఆ సంగతి అతనికి తెలియదా, తెలిసీ అన్నాడా అన్నది నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అమ్మ పక్క మంచం మీద నిద్రపోతోంది. నేను ఫోన్ తీసి కాగితం మీద రాసి ఉన్న 'లీఫోర్ట్ వన్' అంటే ఏమిటో చూశాను. లీఫోర్ట్ ఒక ఫ్రెంచి డాక్టర్. బలమైన దెబ్బ తగిలితే ముఖం ఎముకలు ఏ గీతల వెంట విరుగుతాయో తెలుసుకోవడానికి శవాల తలల మీద ప్రయోగాలు చేసి, 1901లో ఆ గీతలను ప్రకటించాడట. వాటిలో మొదటి గీత వెంటే నా పై దవడను కోసి విడదీస్తారు. అర్ధరాత్రి పన్నెండింటికి ఆసుపత్రి మంచం మీద చదవాల్సిన విషయం కాదది. లేచి బాత్రూంలోకి వెళ్ళి అద్దంలో కింది పెదవిని వేళ్ళతో నొక్కి చూసుకున్నాను. పెదవి మీద వేలి చల్లదనం తెలుస్తోంది. రేపటి నుంచి ఇది తెలియదేమో అనుకున్నాక కాళ్ళు నిలవలేదు.

రెండు గంటలప్పుడు నాన్నకు ఫోన్ చేశాను. ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళను రానివ్వరు, ఆయన కింద హాల్లో కుర్చీలో ఉన్నారు. ఒక్క రింగుకే ఎత్తారు. నేను ఏడుస్తున్నానని అర్థమై, "మానేద్దామా తల్లీ? మానేద్దామంటే చెప్పు, ఇప్పుడే ఆటో పిలుస్తా" అన్నారు. కట్టిన డబ్బు గురించి గానీ, ఏడాదిన్నర గురించి గానీ ఒక్క మాట లేదు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆయనే, "మీ తాత చివర్లో అన్నం పిసికి మింగేవాడమ్మా. పళ్ళున్నా నమలలేకపోయేవాడు. పోలిక, పోలిక అని మనం మురిసిపోయాం గానీ, ఆయన్ని నొప్పేస్తోందా అని ఒక్కరం అడగలేదు" అన్నారు. ఆ గొంతు వింటే నా ఏడుపు ఆగిపోయింది.

నా మాటలు విని రాత్రి డ్యూటీ సిస్టర్ లోపలికొచ్చింది. నాకంటే చిన్నదే. మంచం అంచున కూర్చుని, "మీకు సందేహం ఉంటే రేపు ఓటీకి వెళ్ళరు. పొద్దున ఆరింటికి సర్జన్ సార్‌ని నేనే పిలుస్తాను. ఆయన చెప్పాకే వెళ్దురు గాని" అంది. అన్నట్టే పిలిచింది. ఆయన నా పళ్ళ అచ్చులు చేతిలో పట్టుకుని వచ్చారు. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం దవడ ఎముక లోపల ఒక సన్నటి దారిలో పోతుందని, ఎముకను అడ్డంగా నరకకుండా నిలువునా రెండు పొరలుగా చీల్చేది దాన్ని కాపాడుకోవడానికేనని చూపించారు. మొదట్లో దాదాపు అందరికీ తిమ్మిరి ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ చాలామందికి తగ్గుతుంది, కొందరికి కొంచెం చోట మిగిలిపోతుంది. "ఆ కొంచెం మీకూ మిగలొచ్చు, మిగలదని నేను మాటివ్వను" అన్నారు. ఇరవై నిమిషాలు పట్టింది. నాకు కావాల్సింది ఆ ఇరవై నిమిషాలే. అవి మొదటి క్లిప్పు అతికించకముందే దొరకాల్సింది. ఆ కోపం నాకు పోలేదు, పోవాలని కూడా లేదు. నేను కాగితం తెప్పించుకుని, చదువుకుని, నా సంతకం కిందే మళ్ళీ సంతకం పెట్టాను.

ఆపరేషన్ అయిదు గంటలు పట్టింది. పైది నాలుగు మిల్లీమీటర్లు ముందుకి, కిందిది అయిదు వెనక్కి. టైటానియం పలకలు, మరలు పెట్టారు, అవి లోపలే ఉంటాయి. రెండు దవడలనూ రబ్బర్లతో కలిపి బిగించారు. మూడో రోజుకు ముఖం గుమ్మడికాయంత వాచింది. వాంతి వస్తే రబ్బర్లు కత్తిరించడానికి ఒక చిన్న కత్తెరను మంచం తలవైపు ప్లాస్టర్‌తో అంటించి ఉంచారు. దాని అవసరం రాలేదు.

ఆరు వారాలు నమలడం లేదు. పెద్ద సిరంజికి రబ్బరు గొట్టం తగిలించి, బుగ్గ పక్క నుంచి పోసుకోవడమే. రాగిజావ, వడకట్టిన పెసరకట్టు, మజ్జిగ, చారు. ఏడు కిలోలు తగ్గాను. మే నెలలో ఇంట్లో ఆవకాయ కలిపారు. కొత్త ఆవపిండి, నూనె వాసన ఇల్లంతా కమ్మేసింది. నేను గదిలో కూర్చుని సిరంజితో జావ తాగుతూ, చిన్నపిల్లలా ఏడ్చాను. అమ్మ తలుపు దగ్గరికొచ్చి చూసి, ఆ రోజు తనూ జావే తాగింది. పెళ్ళి నాటి నా కోపం అక్కడ పోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఇన్సూరెన్స్ వాళ్ళ ఉత్తరం వచ్చింది. అందం కోసం చేయించుకున్న చికిత్సకు డబ్బు ఇవ్వరట. నమలలేని నోటిని బాగుచేయించుకోవడం అందం కిందికి ఎలా వస్తుందో వాళ్ళే చెప్పాలి. ఆరోగ్యానికి అవసరమని డాక్టర్ ధ్రువీకరించిన ఆపరేషన్‌ను అలా తోసిపుచ్చకూడదని నా పాలసీ నిబంధనల్లోనే ఉంది. దయచేసి ఆ ధ్రువపత్రం ఆపరేషన్‌కు ముందే రాయించుకోండి, నమలడంలో, మాటలో ఉన్న ఇబ్బందులు, కొలతలతో సహా. నేను తర్వాత రాయించుకుని నానా తంటాలు పడ్డాను. కంపెనీ ఫిర్యాదుల విభాగం వినకపోతే, బీమా తగాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు, తిరస్కరించిన ఏడాది లోపు. నాకు ఏడు నెలలకు సగం డబ్బు వచ్చింది.

కార్తీక మాసంలో అమ్మ మొక్కు తీర్చడానికి కోటప్పకొండ వెళ్ళాం. మెట్లెక్కి వస్తానని త్రికోటేశ్వరుడికి మొక్కుకుందట, ఆ రాత్రి నేను నిద్రపోతోందనుకున్న అమ్మ. మోకాళ్ళ నొప్పితో ఒక్కో మెట్టూ ఎక్కుతూ నా చెయ్యి కూడా పట్టుకోలేదు. పైన నాన్న ఒక జామకాయ కొని, అలవాటు కొద్దీ కోయించబోయారు. నేను లాక్కుని ముందు పళ్ళతో కొరికాను. కటుక్కుమంది. పంటి గుర్తులు వరసగా, శుభ్రంగా పడ్డాయి. నాన్న ఆ కాయను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

ఇప్పుడు సైన్ స్క్వేర్ బాగానే పలుకుతున్నాను. గడ్డం మీద ఎడమ పక్కన రూపాయి బిళ్ళంత చోట మాత్రం స్పర్శ రాలేదు. అన్నం తినేటప్పుడు అక్కడ మెతుకు అంటుకుంటే నాకు తెలియదు. నలుగురిలో ఉన్నప్పుడు అమ్మ ఏమీ అనదు. నా వైపు చూసి, తన గడ్డం మీద వేలితో తాకుతుంది. నేను తుడుచుకుంటాను.