ఉప్పలపాడు గట్టు మీద తోక నిలబెట్టిన పిట్ట

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు అనగానే అక్కడి చెరువులోని గూడబాతుల (పెలికాన్ల) కోసమే అనుకుంటారు. గుంటూరు బస్టాండు బయట ఆటో అతనూ అదే అనుకుని, "చెరువు దాకా నాలుగొందలు సార్, బాతులు బోలెడున్నాయి" అన్నాడు. బెజవాడ నుంచి గుంటూరుకు బస్సులో అందులో పావు వంతు కూడా కాలేదు. ఇక్కడి నుంచి ఏడెనిమిది కిలోమీటర్లకు నాలుగొందలా? చివరికి మూడొందలకు దిగాడు. తెల్లవారుజామున షేర్ ఆటో దొరకదు కాబట్టి అంతకన్నా బేరం సాగదు. ఏడు దాటాక వెళ్తే ఖర్చు తగ్గేదే గానీ, నేను చూడాలనుకున్న పిట్టకు ఏడు దాటితే ఆలస్యమే.

ఆ పిట్ట బరువు ఏడెనిమిది గ్రాములు. పేరు బూడిద ప్రినియా.

పక్షులు చూడటం మొదలుపెట్టిన వాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: తోక నిలబెట్టి తిరిగే రెన్ అనే చిన్న పిట్ట మన తెలుగు నేల మీద ఉందా? లేదు. రెన్ కుటుంబంలో 80కి పైగా జాతులున్నాయి. ఒక్కటి తప్ప అన్నీ అమెరికా ఖండాలవే. ఆ ఒక్కటి యూరప్‌లోనూ ఆసియాలోనూ ఉంటుంది. మన దేశంలో దాన్ని చూడాలంటే హిమాలయాలు ఎక్కాలి. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన జాతి పేరుకు గుహల్లో ఉండేది అని అర్థం. రాళ్ల సందుల్లో, పడిపోయిన మానుల కింద దూరి పురుగులు ఏరుకుంటుంది కాబట్టి ఆ పేరు సరిపోయింది. మన ప్రినియాలకు దానితో చుట్టరికం లేదు. అయినా పాత ఇంగ్లీషు పక్షి పుస్తకాల్లో వీటిని రెన్-వార్బ్లర్లు అనేవారు. తోక నిటారుగా నిలబెట్టడం, తుప్పల అడుగున దూరి తిరగడం, ఒంటికి మించిన గొంతు చూసి పెట్టిన పేరది.

ఊళ్లోకి దిగేసరికి ఆరున్నర. గూడబాతులు చెరువులోని చెట్ల మీద, వాటి కోసం పాతిన ఇనుప కొమ్మల మీద కూర్చుని ఉన్నాయి. అటు రెండు నిమిషాలు చూసి గట్టెక్కాను. ఎక్కగానే మనసు చివుక్కుమంది. కిందటిసారి గట్టు వాలు నిండా ఉన్న తుప్పలు ఒక పక్క మొత్తం పోయాయి. మిషను పెట్టి గీకేసి, కుప్పలు చేసి కాల్చారు. బూడిద ఇంకా అక్కడే ఉంది. గట్టు మీద నడుస్తున్న పెద్దాయన, "శుభ్రం చేశారు బాబూ, పాములుంటాయని" అన్నాడు. ఆయన భయాన్ని కాదనలేను. కానీ సెప్టెంబరులో చెయ్యాల్సిన పని కాదది. వానలు పడ్డాక ప్రినియాలు గూళ్లు కట్టేది ఈ నెలల్లోనే.

రెండో పక్క ఓ ముప్పై అడుగుల మేర జిల్లేడు, ఉమ్మెత్త, సర్కారు తుమ్మ మిగిలాయి. అక్కడే కూర్చున్నాను. ఈ పిట్టల కోసం నడుస్తూ వెతికితే దొరకవు. తుప్పకు నాలుగైదు మీటర్ల దూరంలో, ఎండ వీపు మీద పడేలా కదలకుండా ఇరవై నిమిషాలు కూర్చోవాలి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే 8x42 బైనాక్యులర్ సరిపోతుంది. అయితే రెండు మీటర్ల దగ్గరి వస్తువు మీద కూడా ఫోకస్ కుదిరేదై ఉండాలి, లేకపోతే పిట్ట దగ్గరికొచ్చినప్పుడు మసకే కనిపిస్తుంది. కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు కావాలి. సర్కారు తుమ్మ ముల్లు రబ్బరు అట్టను దాటి దిగుతుంది.

ముందు చప్పుడు వచ్చింది. ఎగిరేటప్పుడు కరెంటు నిప్పురవ్వలు రాలినట్టు టప్ టప్‌మనే చిన్న చప్పుడు చేస్తుంది బూడిద ప్రినియా. తర్వాత జిల్లేడు కొమ్మ చివరన తేలింది. తల బూడిద రంగు, పొట్ట లేత తేనె రంగు, తోక పైకి. దర్జీ పిట్టతో పొరబడేవాళ్లు చాలామంది. దర్జీ పిట్టకు నెత్తిన తుప్పు రంగు, వీపు ఆకుపచ్చ. కనుబొమ మీద తెల్లగీత ఉండి ఒళ్లంతా వెలిసిన గోధుమ రంగైతే అది సాదా ప్రినియా.

నోట్లో పచ్చపురుగు పట్టుకుని అది ఒకే చోటికి మూడుసార్లు వెళ్లింది. మోకాలెత్తున రెండు ఆకులు అంచులు కలిపి కుట్టినట్టున్నాయి. కుట్టు మీద బైనాక్యులర్ నిలిపాను. గూడు కట్టేటప్పుడే ముక్కుతో ఆకుకు చిల్లి పొడిచి, సాలీడు దారమో దూదిపోగో అందులోంచి లాగింది. ముడి లేదు. బయటికొచ్చిన పోగు విచ్చుకుని చిన్న బొడిపెలా ఉబ్బింది, అదే జారకుండా ఆపుతోంది. అలాంటివి ఈ వైపు ఏడు లెక్కపెట్టాను. ఆకు ఎత్తి లోపల చూడలేదు. ఎత్తితే కుట్టు తెగుతుంది, పైన తిరిగే కాకికి దారి చూపినట్టూ అవుతుంది. ఫోన్లో కూత వినిపించి మగపిట్టను బయటికి లాగడం కూడా ఈ నెలల్లో వద్దు. పోటీదారు వచ్చాడనుకుని పిల్లల మేత మానేసి దాని వెంటపడుతుంది.

సాయంత్రం బెజవాడ దగ్గర కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ దిగువన సీతానగరం వైపు దిగాను. రెల్లు తెల్లగా పూసింది. నీటి అంచున జమ్ము. అమెరికాలో మార్ష్ (చిత్తడి నేల) రెన్ గూడు కట్టేది ఇలాంటి జమ్ములోనే. మగది ఒకటి కాదు, అరడజనుకు పైగా గూళ్లు అల్లుతుంది, వాటిలో చాలావాటిలో గుడ్లే పడవు. ముళ్లలో కట్టే కాక్టస్ రెన్ వేరు, బండల్లో పాడే కాన్యన్ (రాతి లోయ) రెన్ వేరు. పేరులోనే ఇంటి చిరునామా ఉంది. ఇక్కడ జమ్ము చిరునామా సాదా ప్రినియాది. గడ్డి ఆకును సన్నటి పేలికలుగా చీల్చి సంచిలా అల్లుతుంది, ఆకులు కుట్టే పని పెట్టుకోదు.

ఆరుంపావుకి ఒకటి రెల్లు కంకి ఎక్కి టిక్ టిక్‌మంటూ మొదలుపెట్టింది. గాలికి కంకి వంగినప్పుడల్లా తోకతో సర్దుకుంటూ చీకటి పడేదాకా ఆపలేదు.