మోసేదెంత, లాగేదెంత: మా మొదటి పికప్ ట్రక్కు కొన్న అనుభవం

పోయిన శనివారం సాయంత్రం మా మొదటి పికప్ ట్రక్కును ఇంటికి తెచ్చుకున్నాము. అంతకు రెండు వారాల ముందు మరొక షోరూములో మాకు, ముఖ్యంగా మా నాన్నగారికి, జరిగిన అవమానం ఇంకా మనసులో పచ్చిగానే ఉంది. ఆ వేడి చల్లారకముందే ఇది రాసి పెడితే, మనవాళ్లలో మొదటిసారి ట్రక్కు కొనబోయేవారికి ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను.

మేము అమెరికాలో, టెక్సాస్‌లోని డాలస్‌కు ఉత్తరాన ఉంటాము. నిరుడు గ్రేసన్ కౌంటీలో ఆరు ఎకరాల పొలం కొని, అందులో అర ఎకరంలో గోంగూర, తోటకూర, సొర, దోస వేశాము. ఆ నేల అచ్చంగా మన పల్నాటి నల్లరేగడి లాంటిది; వాన పడితే కాలు దిగబడుతుంది, ఎండితే నెర్రెలు తీస్తుంది. నరసరావుపేట దగ్గరి పల్లెలో యాభై ఏళ్లు మిరప, పత్తి పండించిన నాన్నగారు మొదటి రోజే గుప్పెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపి చూసి, ఇది మన మట్టేనని అన్నారు. అక్కడ ఇంకా బోరు వేయలేదు. నీళ్లకు 275 గ్యాలన్ల ప్లాస్టిక్ ట్యాంకు కొన్నాము, కానీ దాన్ని మోసే బండి లేదు. ఏడాది పాటు ఎరువు సంచులను మా మినీవ్యాను హోండా ఒడిస్సీలో, పిల్లల సీట్లు మడిచి తీసుకువెళ్లాము. ట్రక్కు కొనాలన్న నిర్ణయానికి అంతకన్నా పెద్ద కారణం లేదు.

పెద్ద పికప్‌లలో మా కళ్ల ముందు నాలుగు నిలిచాయి: ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో 1500, రామ్ 1500, టొయోటా టండ్రా. ఇంత పెద్ద దేశంలో ఈ తరగతిలో ఇన్ని తక్కువ పేర్లే ఎందుకున్నాయో నాకు మొదట అర్థం కాలేదు. అమెరికా కోళ్ల మీద యూరప్ దేశాలు సుంకం వేసినందుకు బదులుగా, 1964లో ఈ దేశం పికప్‌ల వంటి దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. అందుకే ఇక్కడ అమ్మదలచినవారు చాలావరకు ఇక్కడే తయారు చేసుకుంటారు. టండ్రాను టొయోటా మన టెక్సాస్‌లోనే, శాన్ ఆంటోనియోలో తయారు చేస్తోంది.

టెక్సాస్ చట్టం ప్రకారం కార్ల షోరూములు శని, ఆదివారాలు రెండు రోజులూ తెరవకూడదు, అందుచేత దాదాపు అన్నీ ఆదివారం మూసి ఉంటాయి. ఆదివారం ఉదయం వెళితే అమ్మేవాడి పోరు లేకుండా బండ్ల మధ్య తిరగవచ్చు. మేము మూడు ఆదివారాలు అలా తిరిగాము. అద్దానికి అంటించిన ధరల చీటీ చదవడం, వెనక సరుకు వేసే తొట్టి పొడవు టేపుతో కొలవడం, వంగి అడుగుభాగం చూడటం తీరికగా జరిగాయి. రామ్‌కు వెనక కమాను కట్టలు (బరువు మోసే వంపు ఇనుప పట్టీల దొంతరలు) లేవు, చుట్ట స్ప్రింగులున్నాయి. 2022 నుంచి టండ్రాకూ అంతే. ఎఫ్-150, సిల్వరాడోల కింద ఇప్పటికీ కమాను కట్టలే ఉన్నాయి. నడిపి చూసినప్పుడు రామ్ అన్నిటికన్నా మెత్తగా నడిచింది, లోపలి హంగు కూడా దానిదే మేలు. సిల్వరాడో తొట్టి ఎక్కడానికి బంపరు మూలల్లో కాలు పెట్టే చోటు ఉంది. డెబ్భై రెండేళ్ల మనిషి ఎక్కవలసిన బండికి అది చిన్న సంగతి కాదు. ఫోర్డ్ 2015 నుంచి బాడీని అల్యూమినియంతో చేస్తోంది, దానివల్ల బరువు తగ్గింది.

ఇంజిన్ల విషయంలో నాకు భయాలున్నాయి, వాటిని దాచుకోను. 2022, 2023 టండ్రాలలో తయారీ నాటి లోహపు రజను ఇంజిన్లో మిగిలిపోయిందని టొయోటా 2024లో సుమారు లక్ష బండ్లను వెనక్కి పిలిపించింది. 6.2 లీటర్ల వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ఉన్న తన బండ్లను సిల్వరాడో తయారుచేసే జనరల్ మోటార్స్ 2025లో ఈ దేశంలో సుమారు 6 లక్షలు పిలిపించింది. రామ్ 2025 మోడల్లో హెమి అనే పాత వి8ని తీసివేసి రెండు టర్బోల (ఇంజిన్లోకి గాలిని ఒత్తి పంపే పరికరాల) ఆరు సిలిండర్ల ఇంజిన్ పెట్టి, జనం అడిగారని 2026లో హెమిని తిరిగి తెచ్చింది. ఇన్ని చదివాక, టర్బోలు లేని ఫోర్డ్ 5.0 లీటర్ల వి8 వైపు నా మనసు మొగ్గింది. ఇది నా అభిప్రాయం మాత్రమే, ఇంజనీరు తీర్పు కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ రోజు మేము వెళ్లిన షోరూము ఏ కంపెనీదో, ఏ ఊరిదో చెప్పను. నేను, మా ఆవిడ, నాన్నగారు పదిన్నరకు వెళ్లాము. మమ్మల్ని చూడగానే అక్కడి అమ్మకందారు, మినీవ్యానులు, ఎస్‌యూవీలు అటువైపు ఉన్నాయని చేయి చూపించాడు. ట్రక్కు కోసం వచ్చామని చెప్పినా నమ్మకం కుదరనట్టు, ఆఫీసుకు వెళ్లిరావడానికా అని అడిగాడు. పొలానికి అని చెప్పాను. అప్పుడు అన్ని హంగులూ ఉన్న అతి ఖరీదైన బండి దగ్గరకు తీసుకువెళ్లి, ఇది 11,000 పౌండ్లు లాగుతుంది, మీకు ఇంకేమీ ఆలోచించవలసిన పని లేదు అన్నాడు.

నాన్నగారికి ఇంగ్లీషు అంతగా రాదు. ఆయన డ్రైవరు వైపు తలుపు తెరిచి, తలుపు మూసుకునే చోట అంటించిన పసుపు, తెలుపు రంగుల చీటీ దగ్గర ఆగిపోయారు. అందులో కేజీల అంకె ముందు, పౌండ్ల అంకె తరువాత ఉంటాయి. కళ్లజోడు పైకి తోసుకుని చీటీ మీద వేలు పెట్టి, “అబ్బాయ్, ఇక్కడ 535 కేజీలు అని ఉంది. ఏమిటిది, బండి మోసే బరువా?” అని అడిగారు. నేను వంగి చదివాను. ఆ బండిలో కూర్చునే మనుషులు, వేసే సరుకు, అన్నీ కలిపి 535 కేజీలు, అంటే 1,180 పౌండ్లు దాటకూడదని దాని అర్థం. ఆయన ఒక్క క్షణం ఆగి, “లీటరు నీళ్లు కేజీ కదరా. మన ట్యాంకులో వెయ్యి లీటర్ల పైమాటే పడతాయి. మరి ఇది ఎట్లా మోస్తుంది?” అన్నారు.

275 గ్యాలన్లంటే 1,041 లీటర్లు, అంటే ట్యాంకు బరువు కలపకముందే 1,041 కేజీలు. నాలుగు నెలలుగా ఇంజిన్ల అశ్వశక్తి గురించి రాత్రులు మేలుకుని చదివిన నేను ఈ లెక్క ఒక్కసారి కూడా వేసుకోలేదు. నాన్నగారి ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చి అమ్మకందారును అడిగాను. అతను నవ్వి, పక్కనున్న మరొకతని వైపు చూసి, ఇది ఎద్దుల బండి కాదని ఆ పెద్దాయనకు చెప్పండి అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఎద్దుల బండి అన్న మాట నేను తెలుగులోకి మార్చలేదు, కానీ నవ్వుకు అనువాదం అవసరం లేదు. నాన్నగారు తలుపు మెల్లగా మూసి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

అప్పుడే లేచి వచ్చేయవలసింది. ఒడిస్సీని మార్పిడికి ఇస్తే ఆ మేరకు టెక్సాస్ 6.25 శాతం అమ్మకపు పన్ను తగ్గుతుందన్న ఆశతో, వారికి దానిపై ఎంత వస్తుందో తెలుసుకుందామని తాళం ఇచ్చాను. విలువ కట్టేవారు చూసి వస్తారన్నారు. తరువాత మమ్మల్ని గాజు గదిలో కూర్చోబెట్టారు. మొత్తం ధర ఎంత అని అడిగిన ప్రతిసారీ, నెలకు ఎంత కట్టగలరు అన్న ప్రశ్నే తిరిగి వచ్చింది. కాగితం మీద అప్పు గడువు ఒకసారి 72 నెలలు, ఒకసారి 84 నెలలు రాశారు. కంపెనీ ధరల చీటీ పక్కనే షోరూమువారి మరో చీటీ ఉంది. రంగు రక్షణ, టైర్లలో నైట్రోజన్, తలుపుల అంచు పట్టీలు కలిపి 2,995 డాలర్లు. అవి వద్దంటే, ఇప్పటికే వేసేశాం, తీయడం కుదరదు అన్నారు.

ఒంటిగంట దాటింది. నాన్నగారికి షుగరు ఉంది, వేళకు తినాలి. మా ఆవిడ పెరుగన్నం డబ్బా తెచ్చింది. ఆయన డబ్బాను ఒళ్లో పెట్టుకున్నారే తప్ప మూత తీయలేదు. “తినండి మామయ్యా” అంటే, “ఇక్కడ వద్దులే అమ్మాయ్, ఇంటికి వెళ్లాక తింటా” అన్నారు. ఆ నవ్విన ఇద్దరూ గాజు తలుపుకు అవతల నిలబడి ఉన్నారు. తన పొలం గట్టు మీద కూలీలందరి మధ్య కూర్చుని చద్దన్నం తిన్న మనిషి, ఇక్కడ పెరుగన్నం తినడానికి సంకోచించవలసి వచ్చిందే అన్న బాధ నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

నేను లేచి, బేరం వద్దు, మా తాళం ఇవ్వండి అన్నాను. విలువ కట్టేవాడు తాళం జేబులో పెట్టుకుని భోజనానికి వెళ్లాడని, వచ్చేదాకా ఆగమని చెప్పారు. తాళం దాచిపెట్టి మనుషులను కూర్చోబెట్టడం ఇక్కడి పాత ఎత్తుగడ అని తరువాత మిత్రులు చెప్పారు. మా ఆవిడ మారుమాట్లాడకుండా చేతిసంచిలోంచి రెండో తాళం తీసి, నాన్నగారి చేయి పట్టుకుని బయటకు నడిచింది. ఒడిస్సీ స్టార్టయిన చప్పుడు వినపడిన రెండు నిమిషాలకు, భోజనానికి వెళ్లాడన్న మనిషి జేబులోని తాళం మేనేజరు చేతికి వచ్చింది. ఆమె ముందుచూపును నేను పదిమందికీ చెప్పుకుంటాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను. షోరూముకు వెళ్లేటప్పుడు రెండో తాళం దగ్గర పెట్టుకోండి.

ఇంటికి వచ్చాక నాన్నగారు భోజనం చేసి, ఎద్దుల బండి మాటే ఎత్తారు. అంటే ఆ మాట ఆయనకు అర్థమయింది. “బండికి ముందు బరువెక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది, వెనక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. లాగడం వేరు, మోయడం వేరురా” అన్నారు. అక్షరాలా అదే ట్రక్కుకూ వర్తిస్తుంది. కంపెనీలు ప్రకటించే పెద్ద అంకె లాగే బరువు. ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాని ముక్కు ద్వారా ట్రక్కు వెనక భాగం మీద పడుతుంది, అది మోసే లెక్కలోకే వస్తుంది. తలుపు దగ్గరి చీటీ ఆ ఒక్క బండికే కట్టిన లెక్క కనుక, పైకప్పు అద్దం, పెద్ద చక్రాలు, మోటార్ల సీట్లు పెరిగేకొద్దీ అందులోని అంకె తగ్గుతుంది. ఖరీదైన బండి తక్కువ మోయడం అందుకే. ఆదివారాల్లో తలుపులు తాళం వేసి ఉంటాయి కాబట్టి ఆ చీటీ మాకు అంతకుముందు కనపడలేదు. నడిపి చూసిన రోజుల్లో కనపడినా, నేను చూడలేదు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాము. నిండు ట్యాంకును ఈ తరగతిలోని మామూలు ట్రక్కు తొట్టిలో వేయడం తగదు. అదే ట్యాంకును రెండు ఇరుసుల ట్రెయిలర్ మీద పెడితే ట్రెయిలర్‌తో కలిపి సుమారు 4,200 పౌండ్లు, ట్రక్కు మీద పడేది 420 నుంచి 630 పౌండ్లు. మనుషులం ముగ్గురం ఎక్కినా 1,700 పౌండ్ల పైన మోసే బండి చాలు. టెక్సాస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రెయిలర్‌కు బ్రేకులు తప్పనిసరి. రేగడి నేల వాలులో బ్రేకులు ఉండటమే మేలని మేము అంతకన్నా తక్కువ బరువుకే వాటిని పెట్టించుకుంటున్నాము. ట్యాంకును సగం నింపి తీసుకువెళితే నీళ్లు అటూ ఇటూ కొట్టుకుని బండిని ఊపుతాయి కనుక, నిండుగానైనా ఖాళీగానైనా తీసుకువెళ్లాలి.

తరువాతి పని సులభంగా జరిగింది. పది షోరూములకు ఒకే ఈమెయిలు పంపాను: ఎఫ్-150లో ఎక్స్ఎల్‌టి అనే రకం, 5.0 వి8, నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందేది, ఆరున్నర అడుగుల తొట్టి. పన్నులు, ఫీజులు అన్నీ కలిపి నేను బయటకు నడిపేటప్పటి ధర ఎంత, తలుపు చీటీ ఫోటో పంపండి. నలుగురు అంకె ఇచ్చారు, ఇద్దరు ఫోటో పంపారు. ఒక ఫోటోలో 1,764 పౌండ్లు ఉంది. శనివారం వెళ్లి గంటన్నరలో సంతకాలు ముగించాము. పొడిగించిన వారంటీ వద్దని మూడుసార్లు చెప్పవలసి వచ్చింది. 2025 జూలై నుంచి ఇక్కడ కాగితపు తాత్కాలిక నంబరు లేదు కనుక లోహపు ప్లేటు అక్కడే బిగించారు. ఒడిస్సీని ఇవ్వలేదు, ఇంట్లోనే ఉంది. ఆరున్నర అడుగుల తొట్టితో ట్రక్కు మా గరాజులో పట్టదు, కాబట్టి బయటే నిలుపుతున్నాము.

ఆదివారం ఎరువు సంచులు ఇరవై, ఒక్కొక్కటి 40 పౌండ్లు, వేసుకుని పొలానికి బయలుదేరాము. ఎక్కించకముందు నాన్నగారు వెనక చక్రానికి, పై రేకుకు మధ్య జానతో కొలిచారు. ఎక్కించాక మళ్లీ చేయి పెట్టి చూసి, “రెండు వేళ్లే దిగింది” అని, తొట్టి తలుపు తానే ఎత్తి వేసి, ముందు సీట్లో కూర్చున్నారు.