ఓసియన్ ఎల్లిస్ అనే హార్ప్ ఆయన

హార్ప్ అనగానే మనకు గుర్తొచ్చేది, సినిమాలో హీరోగారు కలలోకి జారుకునేటప్పుడు జలజలమని వినిపించే ఆ ఒక్క ముక్కే. పెద్ద ఆర్కెస్ట్రాల్లో కూడా దాని బతుకు చాలావరకు అంతే. వయొలిన్ల వాళ్ళు ఊపిరి సలపకుండా వాయిస్తుంటే హార్ప్ దగ్గర కూర్చున్న మనిషి తాళం లెక్కపెట్టుకుంటూ తన వంతు కోసం కాచుకుని ఉంటాడు. దాదాపు 40 కిలోల వాద్యాన్ని మోసుకొచ్చి, 47 తీగలూ శ్రుతి చేసుకుని, తీరా వాయించేది ఇంతేనా అనిపిస్తుంది నాకు.

ఓసియన్ ఎల్లిస్‌దీ ఆ ఉద్యోగమే. 1928లో వేల్స్‌లో పుట్టి, లండన్ రాయల్ అకాడమీలో చదువుకుని, 1961లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో ప్రిన్సిపల్ హార్పిస్ట్ అయ్యారు. కానీ ఆయన్ని ఆయనగా నిలబెట్టింది మాత్రం ఛాంబర్ మ్యూజిక్కే (కొద్దిమందే కలిసి వాయించే సంగీతం) అంటాను. మెలోస్ ఎన్‌సాంబుల్‌తో ఆయన రికార్డు చేసిన, ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ రాసిన 'ఇంట్రడక్షన్ అండ్ అలెగ్రో' వినండి. మొత్తం ఏడుగురు, ఒక్కో పార్టుకు ఒక్కరే, కాబట్టి తడబడితే దాక్కోడానికి చోటుండదు. అన్నట్టు, ఆ రచన పుట్టింది వ్యాపారం పోటీలో: పెడల్ లేని హార్ప్ కోసం ప్లేయెల్ అనే వాద్యాల కంపెనీ 1904లో ఇంకో ఫ్రెంచ్ స్వరకర్త డెబుస్సీ చేత రాయించుకుంటే, మా పెడల్ హార్పేం తక్కువ అని ఎరార్ వాళ్ళు 1905లో రావెల్‌ని పట్టుకున్నారు.

పెడల్ అంటే పియానో పెడల్ లాంటిది కాదు. ఏడు స్వరాలకు ఏడు పెడళ్ళు, ఒక్కోదానికి మూడు గాట్లు. ఒకటి తొక్కితే ఆ స్వరం తీగలు దాదాపు అన్నీ అరమెట్టు పైకో కిందికో మారిపోతాయి. చిటికెన వేలు తప్ప మిగతా వేళ్ళన్నీ పైన హాయిగా తిరుగుతున్నట్టే ఉంటాయి గానీ, కింద కాళ్ళకు మాత్రం ఒకటే టెన్షన్.

ఇక ఇంగ్లీష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్. 1969లో ఎల్లిస్ కోసమే హార్ప్ సూట్ (చిన్న చిన్న భాగాల వరస) రాసి, చివరి భాగంలో ఒక వెల్ష్ భక్తిగీతం బాణీ పెట్టారు. 1973లో గుండె ఆపరేషన్ సమయంలో పక్షవాతం వచ్చి బ్రిటెన్ కుడిచెయ్యి దెబ్బతింది, దశాబ్దాలుగా గాయకుడు పీటర్ పియర్స్ పాటకు పియానో వాయించిన మనిషి కచేరీలకు దూరమయ్యారు. అప్పుడు పియర్స్ పక్కన ఎల్లిస్ కూర్చున్నారు. అంత పాత జోడీలోకి వెళ్ళడం మాటలా! మరుసటి ఏడాదే బ్రిటెన్ పియర్స్ గొంతుకీ హార్ప్‌కీ కలిపి ఐదో కాంటికల్ అనే గేయం రాశారు.

ఆ పని ఆయనకు సాధ్యపడింది వేల్స్ పెంపకం వల్లేనని నా అనుమానం. అక్కడ పెనిల్లియన్ అని ఒక పాట పద్ధతి ఉంది: హార్ప్ ఒక బాణీ మొదలుపెడుతుంది, పాడేవాడు కాస్త ఆగి వేరే బాణీలో అందుకుంటాడు, ఇద్దరూ కలిసి ముగించాలి. ఎల్లిస్ తనే వాయిస్తూ తనే పాడేవారు.

2021 జనవరిలో, 92 ఏళ్ళ వయసులో పోయారు. వినాలనుకుంటే రావెల్‌తో మొదలుపెట్టండి. బ్రిటెన్ సూట్ కొంచెం పొడిగా ఉంటుంది, రెండోసారికి గానీ పట్టుబడదు.