పద్దెనిమిదేళ్ల అనుభవం, రెజ్యూమేలో సున్నా

2013లో మేము అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా పక్కన ఆల్ఫరెట్టాలో ఉండేవాళ్లం. నాది హెచ్1బి వర్క్ వీసా, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. మా ఆవిడది హెచ్4, అప్పట్లో పని చేయనివ్వని డిపెండెంట్ వీసా, అంటే ఎంసీఏ చదివి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు పనిచేసి, ఇక్కడికొచ్చి ఇంట్లో కూర్చోవడం. శనివారాలు ఇంట్లోనే ఉండి ఒకరినొకరు సాధించుకోవడం కంటే నయమని, క్లార్క్‌స్టన్‌లో శరణార్థులకు ఉద్యోగాలు వెతికిపెట్టే ఒక సంస్థలో తనే మా ఇద్దరి పేర్లూ ఇచ్చేసింది.

క్లార్క్‌స్టన్ చాలా చిన్న ఊరు. అప్పట్లో మొత్తం కలిపినా ఒక చదరపు మైలుకు కాస్త పైన. అంతలోనే సోమాలియా, బర్మా, ఇరాక్, కాంగో, భూటాన్. భూటాన్ వాళ్లంటే నేపాలీ మాట్లాడే లోత్సంపాలు. 1990ల మొదట్లో వాళ్ల దేశం వాళ్లను తరిమేస్తే నేపాల్‌లో ఝాపా, మొరంగ్ జిల్లాల్లోని వెదురు గుడిసెల క్యాంపుల్లో ఏళ్లకేళ్లు గడిపి, 2008 నుంచి ఇక్కడికి రావడం మొదలుపెట్టారు. వాళ్లలో చాలామందికి హిందీ వచ్చు కాబట్టి, ఢిల్లీ వాళ్లు నవ్వే నా హైదరాబాదీ హిందీకి అక్కడ గిరాకీ ఏర్పడింది.

మొదటి రోజు నాకు అప్పగించిన పని రెజ్యూమే రాయించడం. ఎదురుగా యాభై దాటిన ఒక పెద్దాయన. అందరూ ఆయన్ను దాయ్ అంటారు, అంటే అన్న. 'వర్క్ ఎక్స్‌పీరియన్స్' అన్నచోట ఆగి, క్యాంపులో పద్దెనిమిదేళ్లు ఏం చేశారని అడిగాను. "ఏమీ లేదు. శరణార్థులు పని చేయకూడదు కదా" అన్నాడు. అక్కడి నియమం నిజంగా అంతే. సరే, పొద్దున లేచాక ఏం చేసేవారు అంటే, బడికి వెళ్లేవాడినన్నాడు. చదువుకోవడానికా? కాదు, ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పడానికి. రేషన్ పంచే రోజు సెక్టార్ లెక్క ఆయనే రాసేవాడట, బియ్యం తూకంలో తేడా వస్తే గొడవలు తీర్చేదీ ఆయనేనట. అది జీతం కాదు, చేతిలో ఏదో కొంచెం పెట్టేవాళ్లు, అందుకని ఉద్యోగం కిందికి రాదనుకున్నాడు!

నాకు అమీర్‌పేట గుర్తొచ్చింది. అక్కడ మూడు నెలల కోర్సు చేసిన కుర్రాడికి ఐదేళ్ల అనుభవం ఉన్నట్టు రెజ్యూమే వండిపెడతారు. ఇక్కడేమో ఈయన ఉన్న అనుభవాన్ని పూర్తిగా సున్నా చుట్టి కూర్చున్నాడు.

అయితే ఆ రెజ్యూమే ఎవరూ చదవలేదు. 1980 నాటి శరణార్థుల చట్టమే వీళ్లు వీలైనంత త్వరగా సొంత కాళ్ల మీద నిలబడాలంటుంది. అప్పట్లో మొదటి 90 రోజులు ఇల్లు, వంటసామాను, పిల్లల బడి లాంటివి సంస్థ వాళ్లు చూసేవాళ్లు, ఇంకో పథకంలో 180 రోజుల్లోపు ప్రభుత్వ సాయం లేకుండా బతకగలగాల్సి ఉండేది. అంత గడువులో దొరికేది చికెన్ ప్లాంట్లలో పనే. దాయ్ కూడా అందులోనే చేరాడు. ఉత్తర జార్జియా నిండా అవే. కనీస వేతనం గంటకు 7.25 డాలర్లయితే దానికి కాస్త ఎక్కువే ఇచ్చేవాళ్లు, ఇంగ్లీష్ రాకపోయినా తీసుకునేవాళ్లు, వ్యాన్‌లో పది మంది కలిసి వెళ్లొచ్చేవాళ్లు. చలిగదిలో నిలబడి షిఫ్టంతా కత్తితో ఒకే కోత. మూడు నెలలకు ఆయన కుడి మణికట్టు వాచి, టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకునేవాడు. సంస్థ ఫైల్లో మాత్రం ఆయన పేరు పక్కన 'స్వయం సమృద్ధి' అని టిక్ పడింది. టిక్ పెట్టిన కేస్ వర్కర్‌ను అనడానికేం లేదు, ఆ పిల్ల నెత్తిన ఎన్ని కుటుంబాలున్నాయో నేను చూశాను. గడువు పెట్టింది తను కాదు.

మన తెలుగువాళ్లు తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లలో ఒక మాట తరచూ వినపడేది: "వాళ్లకు దిగిన రోజు నుంచే వర్క్ పర్మిట్, ఏడాదికి గ్రీన్‌కార్డుకు అప్లై చేసుకోవచ్చు, మనమేమో పన్నులు కట్టుకుంటూ క్యూలో." నిజమే, నాకూ కడుపుమంట ఉండేది. కానీ వాళ్లు వచ్చిన విమానం టికెట్లు అప్పు కింద ఇస్తారని అప్పటిదాకా తెలియదు. వడ్డీ లేదు కానీ, ఆరు నెలలకు వాయిదాలు మొదలవుతాయి. ఇంట్లో ఐదుగురు ఉంటే ఐదు టికెట్లు.

బాగా పనిచేసినది నేను చూసింది పొదుపు ఖాతా. శరణార్థులు ఒక డాలరు వేస్తే ప్రోగ్రామ్ ఇంకో డాలరు కలిపేది, మనిషికి 2,000 డాలర్ల వరకు. కారుకో, చదువుకో, చిన్న వ్యాపారానికో వాడుకోవచ్చు అప్పట్లో. దాయ్ కోడలు ఆ డబ్బుతో మోమోల వ్యాపారం పెడదామనుకుంది. ఆరు వారాల శిక్షణలో బిజినెస్ ప్లాన్, మార్కెటింగ్, లోగో అన్నీ చెప్పారు. ఇంట్లో వండిన మాంసం అమ్మకూడదని, ఇన్‌స్పెక్షన్ అయిన వంటగది కావాలని చివరి వారం చెప్పారు. అది మొదటి రోజే చెప్పాల్సింది కదా అని మా ఆవిడ అక్కడే గట్టిగా అడిగేసింది. చివరికి ఒక నేపాలీ హోటల్ వాళ్లు మధ్యాహ్నం ఖాళీ వేళల్లో తమ వంటగది అద్దెకిచ్చారు. మొదటి నెల ఖర్చులు పోను మిగిలింది 140 డాలర్లు. ఆ పిల్ల ఆ లెక్క కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించుకుంది.

2015 మేలో హెచ్4 వాళ్లలో కొందరు పనిచేయడానికి వీలిచ్చే రూల్ అమల్లోకి వచ్చింది. గ్రీన్‌కార్డు కోసం నా కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్పటికే అప్రూవ్ అయింది కాబట్టి మేమూ వెంటనే అప్లై చేశాం. వర్క్ పర్మిట్ కార్డు వచ్చిన వారం దాయ్ వాళ్లు మా ఇంటికి భోజనానికొచ్చారు. మా ఆవిడ డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, రెజ్యూమేలో నాలుగేళ్ల గ్యాప్ ఎలా కప్పిపుచ్చాలా అని టెన్షన్ పడుతోంది.

"ఆ నాలుగేళ్లు ఏం చేశావు బహినీ?" అని అడిగాడు దాయ్.

"ఏమీ లేదు దాయ్, ఇంట్లోనే ఉన్నా."

"ఆదివారాలు పిల్లలకు మీ భాష నేర్పుతావు కదా. మాకు శనివారాలు కంప్యూటర్ నేర్పావు. అది రాయి."

దానికి సర్టిఫికెట్ ఏదీ లేదు కదా అంది తను.

"నా దగ్గర మాత్రం ఉందా?" అని ల్యాప్‌టాప్‌ను ఎడమ చేత్తో ఆమె వైపు జరిపాడు.